తాళం కన్నా తాళంచెవి ముఖ్యం
కంప్యూటరు ఫైళ్ళ భద్రత – అరవై ఏళ్ళ చరిత్ర



సబ్ ట్రెజరీలో పనిచేసిన వారికి "డబుల్ లాక్" అనగానే స్ట్రాంగ్ రూము గుర్తుకు వస్తుంది. ఇనుప తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆఫీసరు గారి దగ్గర, రెండవది బాధ్యతగల మరొక ఉద్యోగి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. డూప్లికేటు తాళంచెవులు సీలు వేసి వేరొక చోట భద్రపరిచేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఈ తతంగమంతా చాదస్తంగా తోచేది. మనుషుల మీద నమ్మకం లేకనే కదా ఇదంతా అని ఒకసారి పైకే అన్నాను. మా సీనియరు ఒకాయన నవ్వి, "రెండో తాళం దొంగ కోసమే కాదోయ్, రేపు లెక్క తగ్గితే నీ మీద నింద పడకుండా ఉండటానికి కూడా" అన్నారు. ఆ మాట నాకు సర్వీసంతా పనికివచ్చింది. రిటైరైన తరువాత ఇంకా ఎక్కువ పనికివస్తున్నది.

ఎందుకంటే ఈనాడు మన స్ట్రాంగ్ రూము ఇంట్లోనే, మేజా మీద ఉంది. పి.పి.ఓ. నకలు, ఆధార్, పాన్, డిపాజిట్ల వివరాలు, డాక్టరు రిపోర్టులు, వీలునామా ముసాయిదా, పిల్లల పెళ్ళి ఫోటోలు అన్నీ కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో ఉన్నాయి. వీటికి వేసే తాళాన్ని ఎవరు కనిపెట్టారు, అది ఎప్పుడెప్పుడు ఎలా విఫలమైంది అన్న చరిత్ర ఆసక్తికరమైనది, మనకు అవసరమైనది కూడా. ఆ చరిత్ర మొత్తం చూస్తే తేలేది ఒక్కటే. తాళాలు పగిలిన సందర్భాలు తక్కువ, తాళంచెవులు చేజారిన సందర్భాలు ఎక్కువ.

ఒకే యంత్రం, పదిమంది పనివాళ్ళు

తొలినాటి కంప్యూటర్లకు ఫైళ్ళ భద్రత అనే సమస్యే లేదు. గదంత యంత్రం, ఒకసారికి ఒకరి పని. పని కాగానే తన కార్డుల కట్ట తను పట్టుకుపోయేవాడు. గదికి తాళం వేస్తే చాలు. ఈ పరిస్థితి 1961లో మారింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో అనే శాస్త్రవేత్త బృందం, ఒకే కంప్యూటరును ఒకే సమయంలో పలువురు వాడుకునే పద్ధతిని ఆ సంవత్సరం నవంబరులో ప్రదర్శించింది. దానిని క్లుప్తంగా సి.టి.ఎస్.ఎస్. అంటారు. తరువాత ఒక్కొక్కరి ఫైళ్ళు ఆ యంత్రంలోనే నిలువ ఉండసాగాయి. ఒకే బీరువాలో అందరి కాగితాలు పెట్టినట్లయింది. మరి ఒకరి అర ఇంకొకరు తెరవకుండా ఎలా? ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదం ఇచ్చారు. అదే పాస్‌వర్డు. సైన్యాలలో కాపలావాడు అడిగే సంకేతపదం ఎప్పటినుంచో ఉన్నదే. దానిని కంప్యూటరు ఫైళ్ళకు తాళంగా వాడిన తొలి యంత్రాలలో ఇది ముఖ్యమైనది.

తొలి చోరీ, తొలి పొరపాటు

తాళం వచ్చిన కొద్దికాలానికే దొంగతనమూ వచ్చింది. ఆ యంత్రం మీద పరిశోధన చేస్తున్న అలన్ షెర్ అనే విద్యార్థికి వారానికి నాలుగు గంటల సమయం మాత్రమే కేటాయించారు. అతని పనికి అది చాలలేదు. 1962లో అతను, అందరి పాస్‌వర్డులూ ఉన్న ఫైలును అచ్చు తీసి పెట్టమని ఒక కార్డు మీద కోరిక పంచి చేసి యంత్రానికి అందించాడు. యంత్రం ఎదురు ప్రశ్న వేయకుండా అచ్చు వేసి పెట్టింది. ఆ తరువాత ఇతరుల ఖాతాలో దర్జాగా పని చేసుకున్నాడు. ఈ సంగతి ఆయనే పాతికేళ్ళు దాటాక బయటపెట్టాడు.

1966లో జరిగినది ఇంకా చిత్రమైనది. ఆ కంప్యూటరులోకి ప్రవేశించిన ప్రతివారికీ ముందుగా ఆ రోజు ప్రకటన ఒకటి కనిపించేది, మన ఆఫీసు నోటీసు బోర్డు వంటిది. ఒకరు ప్రకటనను, ఇంకొకరు పాస్‌వర్డుల జాబితాను ఒకే సమయంలో సవరించబోగా, రెండు తాత్కాలిక ఫైళ్ళూ తారుమారైనాయి. దానితో లోపలికి వచ్చిన ప్రతివారికీ నోటీసు బోర్డు మీద అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి! కోర్బటో గారు 1990 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం అందుకున్న సందర్భంగా చేసిన ఉపన్యాసంలో ఈ పొరపాటును దాచుకోకుండా చెప్పారు.

ఈ రెండు సంఘటనలలోనూ తాళం పగలలేదు. తాళంచెవులన్నీ ఒకే కొక్కేనికి, అందరికీ అందే చోట తగిలించడమే తప్పు.

తిరగలిలో పోసిన పాస్‌వర్డు

ఈ చిక్కుకు విరుగుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడి రోజర్ నీధామ్ ఆలోచనను మారిస్ విల్క్స్ 1968లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. అసలు పాస్‌వర్డును యంత్రంలో దాచనే కూడదన్నది ఆ ఆలోచన. మన తిరగలి ఉదాహరణ తీసుకుందాం. ధాన్యం పోసి విసిరితే పిండి వస్తుంది. పిండి నుంచి తిరిగి గింజ రాదు. అలాగే పాస్‌వర్డును ఒక గణిత ప్రక్రియలో పోసి, వచ్చిన పిండిని మాత్రమే దాస్తారు. మరునాడు మీరు వచ్చి పాస్‌వర్డు చెప్పగానే దానినీ విసిరి, దాచిన పిండితో పోల్చి చూస్తారు. రెండూ ఒకటైతే తలుపు తెరుస్తారు. దొంగ లోపల జొరబడినా వాడికి దొరికేది పిండే.

అయితే దొంగ కూడా తిరగలి తెచ్చుకోగలడు. నిఘంటువులోని మాటలన్నీ ఒక్కొక్కటే విసిరి, వచ్చిన పిండిని పోల్చి చూస్తాడు. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో యూనిక్స్ అనే వ్యవస్థను నడిపిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో ఈ ప్రమాదాన్ని లెక్కలతో చూపారు. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 15 ఒకే ఒక్క అక్షరం, 72 రెండక్షరాలు, 464 మూడక్షరాలు! మరికొన్ని నిఘంటువులోని మాటలు, మనుషుల పేర్లు. మొత్తం మీద 2,831, అంటే నూటికి 86, సులభంగా దొరికిపోయే రకమే. 

దీనికి వారు చేసిన ఉపాయాలలో ఒకదాని పేరు మన వంటింటిని గుర్తుచేస్తుంది. పాస్‌వర్డుకు యంత్రమే ఒక యాదృచ్ఛిక సంఖ్యను చేర్చి అప్పుడు విసురుతుంది. ఆ సంఖ్యను వారు "సాల్ట్" అన్నారు, అంటే ఉప్పే. ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా ఉప్పు వేరు కనుక పిండి వేరవుతుంది. దొంగ ఒకసారి విసిరి పెట్టుకున్న పిండి అందరి మీదా పనిచేయదు. ఆనాటి ఉప్పు 4,096 రకాలు. ఈనాడు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రకాలు వాడుతున్నప్పటికీ మూలసూత్రం అదే.

తండ్రి హెచ్చరిక, కొడుకు ప్రయోగం

1988 నవంబరు 2న అమెరికాలో ఒక చిన్న ప్రోగ్రాము ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు తనంతట తాను పాకుతూ, వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. అది ప్రవేశించడానికి ఎంచుకున్న దారులలో పాస్‌వర్డులను ఊహించడం ఒకటి. వాడుకదారు పేరు, ఆ పేరును తిరగవేసిన రూపం, ఇంకా తన వెంట తెచ్చుకున్న 432 మాటల జాబితా – ఇవి దాని ఆయుధాలలో కొన్ని. ఆ ప్రోగ్రామును వ్రాసిన యువకుడు రాబర్ట్ టాపన్ మోరిస్. తొమ్మిదేళ్ళ క్రితం పాస్‌వర్డుల బలహీనత గురించి వ్యాసం వ్రాసిన రాబర్ట్ మోరిస్ గారి కుమారుడే! అతనికి కోర్టులో శిక్ష పడింది. తండ్రి కాగితం మీద చేసిన హెచ్చరికను లోకం పెడచెవిన పెట్టింది. కొడుకు చేసిన పనితో అందరికీ తెలిసివచ్చింది.

ఇంటికి వచ్చిన కంప్యూటరు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు విడుదలైంది. ఇది ఒక్కరి సొంత యంత్రం కదా, తాళమెందుకు అనుకున్నారు. డాస్ పద్ధతిలో స్విచ్చి వేసిన వారే యజమాని. ఫైలును కనబడకుండా చేసే సదుపాయం ఒకటి ఉండేది గాని, అది పుస్తకాన్ని దిండు కింద పెట్టడం వంటిది. తరువాత వచ్చిన విండోస్ 95 పాస్‌వర్డు అడిగేది, కాని ఇంట్లోని మామూలు యంత్రంలో "క్యాన్సిల్" నొక్కితే లోపలికి పోనిచ్చేది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గ్రహించాలి. పాస్‌వర్డు గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు వంటిది. గుమ్మం గుండా వచ్చేవారినే ఆపుతాడు. గోడకు కన్నం వేసి, అంటే హార్డ్ డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే, బంట్రోతుతో పనే లేదు. దీనికి మందు, కాగితంలోని వ్రాతనే మార్చివేయడం. దొంగ చేతికి చిక్కినా అర్థం కాకూడదు. దీనినే ఎన్‌క్రిప్షన్, సంకేతలిపిలోకి మార్చడం అంటారు.

అమెరికా ప్రభుత్వం 1977లో డి.ఇ.ఎస్. అనే సంకేత పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. దానికి ఉండగల తాళంచెవుల సంఖ్య 17 అంకెలు. అన్నింటినీ ప్రయత్నించడం ఎవరి తరం అనుకున్నారు. 1998 జులైలో రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో నిర్మించిన ఒక యంత్రం సరైన తాళంచెవిని 56 గంటలలో పట్టేసింది. నిజంగా పగిలిన తాళం ఇదొకటి. దాని స్థానంలో 2001 నవంబరులో ఎ.ఇ.ఎస్. వచ్చింది. రూపొందించినవారు బెల్జియం దేశస్థులు యోవాన్ డాయ్‌మెన్, విన్సెంట్ రైమెన్. దీని చిన్న రకానికే తాళంచెవుల సంఖ్య 39 అంకెలు. ఇప్పటికీ లోకమంతా దీనిని నమ్ముకునే ఉంది.

ఇంత గట్టి తాళం సామాన్యుడి చేతికి అంత సులభంగా రాలేదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్, ఎవరైనా తమ ఉత్తరాలను, ఫైళ్ళను సంకేతలిపిలో దాచుకోగల ప్రోగ్రామును ఉచితంగా పంచిపెట్టాడు. బలమైన సంకేత పద్ధతులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం ఆ దేశంలో ఆయుధాలను పంపడంతో సమానమైన నేరంగా ఉండేది. 1993 నుంచి ఆయన మీద దర్యాప్తు సాగింది. ఈలోగా ఆ ప్రోగ్రామునంతా 1995లో పుస్తకంగా అచ్చు వేయించారు. పుస్తకాన్ని ఆయుధమనలేరు కదా! 1996 జనవరిలో ప్రభుత్వం కేసు విరమించుకుంది. ఆ తరువాత యాపిల్ వారు 2003లో, మైక్రోసాఫ్ట్ వారు 2007లో బిట్‌లాకర్ అనే పేరుతో, ఫైళ్ళను సంకేతలిపిలో ఉంచే సదుపాయాన్ని కొన్ని రకాల కంప్యూటర్లలోనే అమర్చి ఇవ్వసాగారు.

కొట్టివేసినా మిగిలే కాగితాలు

ఫైలును "డిలీట్" చేస్తే పోయిందనుకుంటాం. మామూలు హార్డ్ డిస్కులో జరిగేది రిజిస్టరులో పద్దు కొట్టివేయడమే. కాగితం మాత్రం అరలోనే ఉంటుంది, దాని మీద వేరొకటి వ్రాసేదాకా. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు విద్యార్థులు 158 పాత డిస్కులు కొని పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. పనిచేస్తున్న 129 డిస్కులలో సరిగా తుడిచివేసినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో ఉత్తరాలు, వైద్య వివరాలు, అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. పాత కంప్యూటరును మార్పిడికి ఇచ్చే ముందు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

మన దేశపు చట్టం, ఒక విశ్రాంత న్యాయమూర్తి

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడం, అందులోని సమాచారాన్ని తీసుకోవడం దానిలోని 43వ సెక్షను క్రిందకు వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలు గాని, అయిదు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని. 2008 సవరణతో చేరిన 66 సి ప్రకారం ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడటమే ఒక ప్రత్యేక నేరం.

అంతకన్నా గొప్ప విషయం 2017 ఆగస్టు 24న జరిగింది. వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారి పేరున నిలిచింది. ఆయన కర్ణాటక హైకోర్టు నుంచి రిటైరైన న్యాయమూర్తి. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఆధార్ పథకాన్ని ప్రశ్నిస్తూ ఆయన పిటిషను వేసింది 2012లో, తన 86వ ఏట! 98 ఏళ్ళ వయసులో 2024లో కన్నుమూశారు. ఆధార్ మంచిచెడ్డల గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని దేశానికంతటికీ గోప్యత హక్కును స్థిరపరచిన కేసు ఒక పెన్షనరు వేసినదని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

తెరుచుకోని తాళం

చరిత్రలో ఇంకొక వైపు కూడా ఉంది. నార్వే దేశంలో ఈవార్ ఓసెన్ అనే భాషావేత్త పేరిట ఒక సంస్థ ఉన్నది. అక్కడ ఒక పండితుని విలువైన పుస్తక సేకరణకు కంప్యూటరులో జాబితా ఉండేది. దాని పాస్‌వర్డు తెలిసిన వ్యక్తి ఎవరికీ చెప్పకుండానే మరణించారు. 2002లో ఆ సంస్థ, తాళం తెరిచి పెట్టండి మహాప్రభో అని బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది. కొద్ది సమయంలోనే పాస్‌వర్డు తేలిపోయింది. ఆ పండితుని ఇంటిపేరును తిరగవేసి వ్రాసినదే! తనవారు తెరవలేకపోయారు, కాని ఎక్కడివారో ఇట్టే ఊహించగలిగారు. తాళంచెవి విషయంలో చేయగల రెండు తప్పులూ ఒక్కచోటే జరిగాయి.

మనలోనూ ఇటువంటిది జరిగింది. పేరు వ్రాయను. మాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడు రిటైరయ్యాక పట్టుదలగా కంప్యూటరు నేర్చుకుని, తమ వంశ చరిత్రను నాలుగేళ్ళపాటు టైపు చేశాడు. పాత ఫోటోలు స్కాన్ చేసి పెట్టాడు. ఎవరూ తెరవకుండా గట్టి తాళమే వేశాడు. గుండెపోటుతో అకస్మాత్తుగా పోయాడు. పి.పి.ఓ. కాగితం ఇనుప పెట్టెలో ఉండబట్టి అమ్మగారికి ఫ్యామిలీ పెన్షనుకు ఇబ్బంది కాలేదు. కంప్యూటరు మాత్రం ఈనాటికీ తెరుచుకోలేదు. కర్మకాండకు వెళ్ళినప్పుడు ఆవిడ దాని మీద దుమ్ము తుడుస్తూ, "లోపల ఆయన వ్రాసుకున్నదంతా ఉందండీ, ఒక్క ముక్క చదవలేకపోయాను" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక ముందుగా చేసిన పని, నా డూప్లికేటు తాళంచెవిని కవరులో పెట్టడం.

మన డబుల్ లాక్

చరిత్ర చెప్పిన పాఠాలను మన ట్రెజరీ భాషలో ఇలా వ్రాసుకోవచ్చు.

మొదటిది, తాళంచెవి పొడుగ్గా ఉండాలి. అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో తన పాత సలహాలను మార్చుకుని, నెలనెలా పాస్‌వర్డు మార్చడం కన్నా, చిత్రమైన గుర్తులు ఇరికించడం కన్నా, పొడవు ముఖ్యమని చెప్పింది. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి వ్రాస్తే మనకు గుర్తుంటుంది, పరాయివాడికి అందదు. పుట్టినతేదీ, మనుమరాలి పేరు వద్దు.

రెండవది, ఒకే తాళంచెవి అన్ని తలుపులకూ వాడవద్దు. ముఖ్యంగా బ్యాంకుది వేరుగా ఉండాలి.

మూడవది, రెండో తాళాన్ని వదులుకోవద్దు. ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద కనబడని మరొక రుజువు కూడా అడగాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. ఈనాడు ఫోనుకు వచ్చే ఓ.టి.పి. అటువంటి రెండో తాళంచెవే. ట్రెజరీ నుంచనీ, బ్యాంకు నుంచనీ చెప్పి ఎవరు అడిగినా ఇవ్వకూడదు. సర్వీసులో ఉండగా ఫోనులో అడిగాడని స్ట్రాంగ్ రూము తాళంచెవి ఎవరికైనా ఇచ్చామా? పొరపాటున మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

నాలుగవది, ముఖ్యమైన ఫైళ్ళకు ఇంకొక నకలు వేరే చోట ఉండాలి. ఆ నకలుకూ తాళం ఉండాలి.

అయిదవది, డూప్లికేటు తాళంచెవి. పాస్‌వర్డులు, బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ నంబరు ఒక కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి, అంటించి, అడ్డంగా సంతకం చేసి బీరువాలో పెట్టండి. కవరు సంగతి జీవిత భాగస్వామికో, నమ్మకమైన బిడ్డకో చెప్పండి. సంవత్సరానికొకసారి, లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే రోజుల్లోనే, తీసి సరిచూసుకుంటే మరిచిపోవడం ఉండదు.

ఇంట్లోవాళ్ళ దగ్గర తాళమేమిటి, దాపరికమేమిటి అని కొందరు నొచ్చుకోవచ్చు. మా సీనియరు గారి మాటే దానికి సమాధానం. తాళం అపనమ్మకానికి గుర్తు కాదు. ఎవరి మీదా అనుమానం రాకుండా కాపాడే మర్యాద. సీలు వేసిన ఆ కవరు మాత్రం నమ్మకానికి గుర్తు. రెండూ ఉన్న ఇల్లే భద్రంగా ఉంటుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పారు. ఈ సంచిక చదివి పక్కన పెట్టగానే ఆ కవరు సంగతి చూడవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.